మేజరు గారికి గురువారం వచ్చే ఆర్డర్లు

టీవీ చూస్తే మనిషి చెడిపోతాడని ఎవరైనా అంటే వాళ్లని ఇంగ్లండులోని మా ష్రాప్‌షైర్ పల్లెకి పంపండి. టీ ఇచ్చి మరీ నోరు మూయిస్తాం!

గురువారం సాయంత్రం టీవీలో ఓ కామెడీ సీరియల్ వస్తుంది. రిటైరైన తిక్క కర్నల్ ఒకాయన తన ఊరినే యుద్ధరంగం అనుకుని చేసే హడావుడి. దేశమంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతుంది, మా మేజర్ లడ్లో గారు తప్ప. అది కామెడీ అని ఆయనకి తెలియదు. నోటుబుక్కు పట్టుకుని నిటారుగా కూర్చుని చూస్తారు.

"ఇన్నాళ్లకి బుద్ధున్న మనిషిని చూపించారయ్యా! మధ్యమధ్యలో కనపడకుండా నవ్వే ఆ వెధవలెవరు? కోర్ట్ మార్షల్ చేసి పారెయ్యాలి!" అంటారు.

గురువారం తెరమీద జరిగింది శుక్రవారం మా ఊళ్లో జరుగుతుంది. కర్నల్ చెత్తడబ్బాలని వరసలో నిలబెట్టి తనిఖీ చేశాడు. మా మేజరూ చేశారు. మూత సరిగ్గా లేదని పాస్టర్ గారి డబ్బాకి చీవాట్లు పెట్టారు. డబ్బాకే సుమా, పాస్టర్ గారికి కాదు! కర్నల్ క్రికెట్ మైదానంలో కందకం తవ్వాడు. ఫలితంగా ఆ వేసవిలో మా జట్టు ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. ఆడితే కదా ఓడేది!

ఇందువల్ల ఊరికేం మేలండీ అంటారా? వినండి మరి.

మా ఊరికున్న ఒకే ఒక్క బస్సుని మూడేళ్ల కిందట ఆపేశారు. మా ఎదురింటి ఈడిత్ వాళ్లాయన మతిమరుపు ముదిరి పట్నంలో వృద్ధాశ్రమంలో ఉన్నాడు. బుధవారం బుధవారం ఆమె వెళ్లి గడ్డం గీస్తేనే గీయించుకుంటాడు, ఇంకెవర్నీ దగ్గరికి రానివ్వడు. బస్సు పోయాక ఆమెకి నెలకోసారి వెళ్లడమే గగనమైంది. మేమంతా ఎంతో బాధపడి బస్సు కంపెనీకి ఉత్తరాలు రాశాం. నలభై ఒకటి! ప్రతిదీ "మీకు శ్రమ కలిగిస్తున్నందుకు మన్నించండి" అనే మొదలుపెట్టాం. మర్యాద మర్యాదే కదా?

ఒక గురువారం కర్నల్ నడిరోడ్డు మీద మడతకుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఇంకేం! మర్నాడు మా మేజరు పెద్దరోడ్డుకి అడ్డంగా కుర్చీ వేసుకుని, పక్కన టీ ఫ్లాస్కు పెట్టుకుని, ఆ కంపెనీ బస్సుల్ని ఆపేశారు.

"మా ఊరి మీదుగా వెళ్తామని మాటివ్వమను మీ వాళ్లని. అప్పుడే దారి!"

పదకొండు బస్సులు ఆగిపోయాయి. పై బుధవారానికల్లా మా బస్సు మాకొచ్చింది. ఈడిత్ అందులో కూర్చుని వెళ్తుంటే నాకు కళ్లనీళ్లు తిరిగాయి.

ఇప్పుడా సీరియల్ ఆపేశారు! "పైనుంచి ఆర్డర్లు లేవు" అంటూ మేజరు గారు డీలాపడి తోటలో కూర్చున్నారు. సందు దొరికిందని కంపెనీ వాళ్లు వచ్చే నెల నుంచి బస్సు రద్దని బస్టాపు స్తంభానికి కాగితం అంటించారు.

ఊరుకుంటామా? వెంటనే చర్చి హాల్లో మీటింగు పెట్టాం. సీరియల్ కొనసాగించమని టీవీ వాళ్లకి వినయంగా ఓ ఉత్తరం రాయాలని ఏకగ్రీవంగా తీర్మానించాం.

ఈడిత్ లేచి నిలబడింది.

"ఇన్నాళ్లూ ఆయన్ని పిచ్చివాడని నవ్వారు. ఇక్కడ అరవైమంది ఉన్నారు. మీ ఇళ్లల్లో తలా ఒక కుర్చీ లేదుటయ్యా?"

మాకు నిజంగా సిగ్గేసింది. ఆమె అన్నమాట పొల్లుపోకుండా మీటింగు మినిట్స్‌లో రాసుకున్నాం.