ముప్పై నలుగురి ఒంటరి యాత్ర

పదహారేళ్ల పిల్లను ఒంటరి సాహసానికి పంపాలంటే తోడుగా కనీసం ముప్పై నలుగురు ఉండాలి. అంతకు ఒక్కరు తగ్గినా అది సాహసం కాదు, నిర్లక్ష్యం! నవ్వకండి. ఈ సత్యాన్ని కనుక్కున్నవాడు బోధన్ సర్కారు దవాఖానలో కంపౌండరు హనోకు. కనుక్కున్నది 1993 డిసెంబరులో.

భయపడే తల్లిదండ్రుల మీద ఈమధ్య ప్రతివాడూ జోకులు వేస్తున్నాడు. తప్పు! భయపడే తండ్రి దేశానికి ఆస్తి. పైగా హనోకు భయం ఊరికే పుట్టింది కాదు. పంతొమ్మిదేళ్లు కట్లు కట్టి సంపాదించుకున్నది. మనమంతా పిల్లల్ని పిల్లలుగా చూస్తాం. హనోకు కళ్లకు మాత్రం ప్రతి పిల్లా దవాఖానకు ఇంకా రాని కేసు. జామచెట్టు ఎక్కినవాడు కనబడితే ఆయనకు వాడి చేతికి సిమెంటు కట్టు కనబడుతుంది. చెరకు బండి వెనక వేలాడుతూ గడ లాగే పిల్లలు ఎదురైతే ఎన్ని కుట్లు పడతాయో అక్కడికక్కడే అంచనా వేసేస్తాడు.

అలాంటి మనిషికి దెబోరా ఒక్కతే కూతురు.

ఎనిమిదో తరగతిలో ఆమె జలీల్ దుకాణంలో గంటకింతని అద్దె సైకిలు తెచ్చుకుని తొక్కడం నేర్చుకుంది. హనోకు క్యారియర్ పట్టుకుని వెనక పరిగెత్తాడు. వారంలో పిల్లకు సైకిలు వచ్చేసింది. ఆరు నెలలైనా తండ్రి క్యారియర్ వదల్లేదు.

“హనోకు భాయ్, బిడ్డ తొక్కుతున్నదా, నువ్వు తోస్తున్నవా?” అని జలీల్ నడిబజారులో అడిగేశాక గానీ వదల్లేదు.

ఆ దెబోరా ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉండగా, క్రిస్మస్ ఇంకా నెలరోజులుందనగా, అన్నం తింటూ తింటూ అంది.

“బాపూ, నేనొక్కదాన్నే సైకిల్ మీద కాల్వ గట్టు పట్టుకొని నిజాంసాగర్ దాకా పోత. డ్యాం సూసి సాయంత్రం బస్సుల వస్త.”

హనోకు చేతిలోని ముద్ద చేతిలోనే ఆగిపోయింది.

“ఎందుకు?”

“పోవాలనిపిస్తున్నది.”

ఆయన్ని అన్నిటికంటే భయపెట్టింది ఈ జవాబే. పరీక్ష ఉందంటే అర్థముంది, పెళ్లికి పోతానంటే అర్థముంది. ఊరికే పోవాలనిపించడమేమిటి! పోవాలనిపించిన వాళ్లందరూ పోతే దవాఖానలో మంచాలు చాలుతాయా?

“కాల్వల పడ్తె? గట్టు మీద పాములుంటయ్. చెరుకుల అడివి పందులుంటయ్. డ్యాంల మొసళ్లుంటయ్. పంచరైతె?”

“పంచరు నేనే ఏసుకుంట. జలీల్ చిచ్చ నేర్పిండు.”

“పంచరు సరే. మొసలికి ఏమేస్తవ్?”

“పండుగకు గరిజెలు ఎవ్వలు సేస్తరు?” అని తల్లి శారమ్మ ఇంకో ప్రమాదాన్ని గుర్తుచేసింది. విచారణ ముగిసింది.

ఇదే దెబోరా రోజూ నిజామాబాద్ కాలేజీకి ఎలా పోతుందో కూడా చెప్పాలి. ఒక కాలు బస్సు ఫుట్‌బోర్డు మీద, ఒక కాలు గాలిలో, పుస్తకాల సంచి కిటికీలోంచి ఎవరో ముక్కూ మొహం తెలియని ఆవిడ ఒడిలో. ఒకసారి ఎడపల్లి దగ్గర చెప్పు జారి చక్రం కింద పడింది. కాలు జారనందుకు ఇంట్లో ఎవరూ ఆశ్చర్యపోలేదు, కొత్త చెప్పులు కొన్నారు. ఎందుకంటే అది ప్రమాదం కాదు, చదువు! ఆ బస్సు ఎక్కే కూతురికి హనోకు రోజూ చెప్పే జాగ్రత్త ఒక్కటే: “ఫస్ట్ క్లాస్ రావాలె బిడ్డా.”

నాలుగు రోజులకు శారమ్మ తమ్ముడు దేవయ్య నిజామాబాద్ నుంచి వచ్చాడు. అక్కడేదో ఆఫీసులో గుమాస్తా.

“బావా, సాహసం జేసిన పిల్లలకు డాక్టర్ సీట్లల్ల కోటా పెడుతున్నరట. ఒక్కలే జెయ్యాలె, ఫోటోలుండాలె, పేపర్ల పడాలె.”

“ఎవ్వలన్నరు?”

“అందరంటున్నరు.”

అందరూ అంటున్నదాన్ని మించిన జీవో ఏ సర్కారైనా ఇచ్చిందా? తెల్లారేసరికి నిజాంసాగర్ మొసళ్లన్నీ ముసలివైపోయాయి. పాములు చలికి పుట్టల్లో ముడుచుకున్నాయి. అడవి పందులు మనిషి వాసన తగిలితే ఆమడ దూరం పారిపోసాగాయి.

“మొసలి బురదల పండుకుంటది పాపం. దాని జోలికి మనం పోతె గద!” అని హనోకే భార్యకు ధైర్యం చెప్పాడు.

ఇక ఏర్పాట్లు. ముందొక జీపు, వెనకొక వ్యాను. ఫోటోలు తీయడానికి ఒకడు, పేపరులో వేయడానికి ఒక విలేకరి. పంచరుకు జలీల్, జీపు మీద ఒక స్పేర్ సైకిలు. గాయాలకు దవాఖాన స్టాఫ్, ప్రార్థనకు చర్చి యూత్, ఉత్సాహానికి బ్యాండు, వీళ్లందరి ఉప్మాకు ఇద్దరు వంటవాళ్లు. మనవరాలిని ఒంటరిగా పంపనని హనోకు తల్లి బాలవ్వ కూడా వ్యానెక్కింది. మొత్తం ముప్పై నలుగురు. జీపుకు బ్యానరు: ‘కుమారి దెబోరా ఒంటరి సాహస యాత్ర’.

“ఒక్కదాన్నే అంటివి గద బాపూ?” అంది దెబోరా, బ్యాండు వాళ్లను చూస్తూ.

“ఒక్కదానివే బిడ్డా! మేమంత ఎన్క ఉంటం.”

శనివారం పొద్దున యాత్ర బయలుదేరింది. కాలువ గట్టు మీద జీపు పట్టదు కాబట్టి సాహసాన్ని తారురోడ్డు మీదికి మార్చారు. రెండు కిలోమీటర్లకోసారి ఆపి గ్లూకోజు తాగించారు. ప్రతి ఊరి మొదట్లో బ్యాండు మోగింది. ఫోటో సరిగా రాలేదని ఒకచోట వెనక్కి పోయి మళ్లీ రమ్మన్నారు. రుద్రూరు దాటేసరికి హనోకు ఆమె నాడి ఆరుసార్లు చూశాడు. నాడి బాగానే ఉంది. ముఖమే బాగాలేదు. అది ఎండవల్ల అనుకుని టోపీ పెట్టించాడు.

వర్ని దాటాక చెరకు బండ్లు రోడ్డుకు అడ్డంగా నిలిచిపోయాయి. జీపు ఆగింది. వ్యాను ఆగింది. హనోకు దిగి బండ్లవాళ్లను బతిమాలి వెనక్కి తిరిగేసరికి కూతురు లేదు. టోపీ మాత్రం రోడ్డు పక్క కంపకు తగిలించి ఉంది.

“కాల్వ దిక్కు పోయింది సారూ,” అన్నాడు ఒక బండివాడు.

ఆ మాట విన్న హనోకుకు కోటా గుర్తు రాలేదు, ఫోటోలు గుర్తు రాలేదు. పంతొమ్మిదేళ్లలో కాలువలోంచి తీసి దవాఖానకు తెచ్చినవాళ్ల ముఖాలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఎవరితో ఏమీ అనకుండా జీపు మీది సైకిలు దించుకుని గట్టెక్కాడు.

“దెబోరా! ఓ బిడ్డా!” అని అరుచుకుంటూ తొక్కాడు. చక్రం గతుకులో పడి లేస్తుంటే గుండె కూడా పడి లేచింది. ఒక మైలు పోయాక మెత్తటి మట్టిలో సైకిలు టైరు జాడ తాజాగా కనిపించింది. వంకర లేకుండా, నిలకడగా పోయిన జాడ. ఆయన ఊపిరి పీల్చుకున్నాడు.

అప్పుడు గమనించాడు, తన వెనక ఎవరూ లేరని. పల్చటి ఎండ. చెరకు ఆకుల గలగల. పక్కనే నిండుగా పారుతున్న నీళ్లు. ముక్కులో పంతొమ్మిదేళ్లుగా ఉన్న స్పిరిట్ వాసన ఎప్పుడు పోయిందో పోయింది. హనోకుకు ఈల వేయాలనిపించింది. నలభై ఏడేళ్ల కంపౌండరుకు ఈల! వేశాడు కూడా.

దెబోరా అప్పటికి గట్టు దిగువన చెరకు నీడలో ఊడిన చైను ఎక్కించుకుంటోంది. తండ్రి ఈల వేసుకుంటూ పైనుంచి వెళ్లిపోవడం చూసింది. పదహారేళ్లలో బాపు ఈల వేయగా ఆమె వినలేదు. అందుకే పిలవలేదు, వింటూ నిలబడిపోయింది.

ఇంకొంచెం ముందుకు పోయాక హనోకుకు తన పదహారేళ్ల వయసు గుర్తొచ్చింది. అప్పుడు రెండు చేతులూ వదిలి తొక్కేవాడు. ఇప్పుడు ముందు ఒక చేయి వదిలాడు. ఏమీ కాలేదు. రెండోదీ వదిలాడు.

సైకిలు గట్టు మీదే ఉండిపోయింది. హనోకు కాలువలో పడ్డాడు.

ఈత రాదు. కాలువలో పడ్డవాడు ఏం చేయకూడదో ఊరందరికీ చెప్పే మనిషి అవన్నీ వరసగా చేశాడు. చేతులు కొట్టుకున్నాడు, నోరు తెరిచి అరిచాడు, నీళ్లు మింగాడు. నీళ్లు ఆయన్ని వచ్చిన దారినే వెనక్కి తీసుకుపోయాయి. ఆ దారిలో బట్టలుతికే మెట్లున్నాయి. చప్పుడు విని పరిగెత్తుకొచ్చిన దెబోరా చివరి మెట్టు మీద బోర్లా పడుకుంది. చెరకు కొట్టే గంగవ్వ అనే ఆవిడ కత్తి పారేసి వచ్చి ఆమె కాళ్లు పట్టుకుంది.

“బాపూ! నా దిక్కు సూడు! చున్నీ పట్టు! ఒర్రకు, నోరు ముయ్యి, పట్టు!”

మొదటిసారి చేతికి అందలేదు. రెండోసారి అందింది. ఇద్దరు ఆడవాళ్లు కలిసి లాగితే కంపౌండరు మెట్ల మీదికి వచ్చి, మింగిన నీళ్లన్నీ కక్కి, కూతురి కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

దెబోరా చున్నీ పిండుకుంటూ కోపంగా అంది. “ఒక్కనివే ఎందుకొచ్చినవ్ బాపూ? నీకేమన్నయితె మేమేం గావాలె?”

“ఇంట్ల జెప్పే వచ్చినవా అయ్యా?” అని గంగవ్వ అడిగింది.

హనోకు తల వంచుకున్నాడు. చెప్పి రాలేదు.

నిజాంసాగర్ ఇంకా ముప్పై అయిదు కిలోమీటర్లుంది. దెబోరా ఆ వైపు ఒక్కసారి చూసింది. తర్వాత తండ్రిని క్యారియర్ మీద కూర్చోబెట్టుకుని వెనక్కి తొక్కింది. దారంతా ఆయన కూతురి నడుము పట్టుకునే ఉన్నాడు.

రోడ్డు మీద ముప్పై ముగ్గురు ఎదురొచ్చారు. తండ్రి నిలువునా తడిసి ఉన్నాడు. కూతురి బట్టలకు మట్టే గానీ చెప్పుకోదగ్గ తడి లేదు. విలేకరి చూశాడు, ఆలోచించాడు, రాసుకున్నాడు. “అదిగాదు, బాపునే...” అని దెబోరా మొదలుపెట్టగానే బ్యాండు అందుకుంది. కూతురికని తెచ్చిన దండ ఎవరో తండ్రి మెడలో వేశారు. ఒక్క నిమిషం ఆగి నిజం చెబుదామనుకున్నాడు హనోకు. ఆ నిమిషం మర్నాటి దాకా సాగింది.

ఆదివారం పేపరులో అచ్చయింది: ‘కూతురు కాలువలో పడకముందే దూకి కాపాడిన తండ్రి!’

నమ్మరా? బోధన్ నమ్మింది. సాహసం చేయబోయింది పిల్ల. మునిగింది తండ్రి, తేల్చింది పిల్ల. పేరు తండ్రికి! పిల్లలను ఒంటరిగా పంపడానికి మనకెందుకు చేతులు రావో ఇంతకంటే ఏ పేపరు చెప్పగలదు? వాళ్లకేదో అవుతుందన్నది సగం భయమే. మనం లేకుండానే వాళ్లకు జరిగిపోతుందేమోనన్నది మిగతా సగం.

ఆ పూట చర్చిలో హనోకు సాక్ష్యం చెప్పడానికి లేచాడు. ఆడవాళ్ల వైపు చాప మీద దెబోరా తల వంచుకుని కూర్చుంది.

“పేపర్ల వచ్చింది అబద్ధం. నేనే పడ్డ. చేతులిడిసి తొక్కి పడ్డ. నా బిడ్డ నన్ను తీసింది. అది లేకుంటె ఇయ్యాల మీరంత వేరే పని మీద ఈడికొస్తుంటిరి.”

వెనక వరసలోంచి ఒక పెద్దాయన గద్గదంగా అన్నాడు: “ఎంత తగ్గింపు మనసు! చేసిన మేలు బిడ్డ పేరు మీద ఏస్తున్నడు!” ఆమేన్లు మోగాయి. దేవయ్య బావ చెవిలో గొణిగాడు: “కోటా లేదట బావా. గాని నీకు సన్మానం ఉన్నదట.”

దెబోరా పకపకా నవ్వింది. ఇంటికొచ్చాక అంది: “నువ్వయితె జెప్పినవ్ గద బాపూ. చాలు. వచ్చే శనివారం నేను పోత.”

అది అడగడం కాదని హనోకుకు తెలిసింది.

శనివారం తెల్లవారుజామున గడపలో నిలబడి కూతురు మలుపు తిరిగేదాకా చూశాడు. దవాఖానకు సెలవు పెట్టాడు. కుర్చీలో కూర్చున్నాడు. పది గంటలకు జలీల్ దుకాణం దాకా పోయి ఏమీ అడగకుండా తిరిగొచ్చాడు. మధ్యాహ్నం బస్‌స్టాండుకు పోదామని చెప్పులు వేసుకుని, మళ్లీ విప్పేశాడు. “పొయ్యి రా, నీ పానం ఆగుతలేదు గద,” అంది శారమ్మ. పోలేదు.

పొద్దు గుంకకముందే దెబోరా వచ్చింది. చెంపలు ఎండకు కమిలిపోయాయి. మోకాలికి కట్టు. బాన్సువాడ దగ్గర పడితే ఎవరో ముసలమ్మ పసుపు అద్ది, పాత చీర పేలిక చుట్టి, పుల్లలు కట్టినట్టు ముడేసింది. వంకర కట్టు, వదులు ముడి. కంపౌండరు ఇంట్లో పసుపు కట్టు!

హనోకు దాన్నే చూస్తూ కూర్చున్నాడు. రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు.

“నొచ్చిందా?”

“కొంచెం.”

“మంచిగుండెనా?”

“మస్తుండె బాపూ!” అని దెబోరా పీట లాక్కుని కంచం ముందర కూర్చుంది.

ఆ కట్టు విప్పి మళ్లీ కట్టకుండా ఆ పూట కూతురి పక్కన కూర్చుని అన్నం తిన్న హనోకు, పాఠకులారా, మీరే చెప్పండి, సాహసి కాడా?