ముట్టరాని బాణం

"ఈరోజు నుంచి న్యాయం ఒకే వైపు చూస్తుంది," అని సెనేటర్ డ్వైట్ హోస్టెట్లర్ టిప్టన్ క్రీక్ కాలేజీ బాస్కెట్‌బాల్ కోర్టు నడిమధ్య నిలబడి ప్రకటించాడు. జనం లేచి చప్పట్లు కొట్టారు. ఏ వైపని ఎవరూ అడగలేదు.

స్కోరు బల్ల దగ్గరున్న వెల్మా క్రిగ్‌బామ్ మాత్రం కొట్టలేదు. ఇద్దరు ప్రత్యర్థులు బంతిని పట్టుకుని వదలకపోతే, అది ఎవరికివ్వాలో ఆ బల్ల మీది బాణం చెబుతుంది. ఎవరి వంతైతే వాళ్లు బంతి వేయాల్సిన బుట్ట వైపు చూస్తుంది. వంతు అయిపోగానే వెల్మా దాన్ని రెండో వైపు తిప్పుతుంది. లెక్కల టీచరుగా రిటైరై, భర్త కూడా పోయాక ఆవిడకు మిగిలింది ఆ కుర్చీ ఒక్కటే.

నిరుడు బాణం అవతలి జట్టును చూపించినందుకు కాలేజీ ఓడింది. సెనేటర్ గారి గుండె తరుక్కుపోయింది. ఎన్నికలు కూడా దగ్గరపడ్డాయి. బాణం ఎప్పుడూ సొంత కాలేజీ వైపే చూడాలని, ముట్టుకున్నవాళ్ల కుర్చీ ఊడుతుందని చట్టం తెచ్చాడు. వెండి స్క్రూడ్రైవర్‌తో బాణాన్ని బల్లకు స్వయంగా బిగించి, ఆ స్క్రూడ్రైవర్‌ను రాజధానిలో అద్దాల పెట్టెలో పెట్టించాడు.

"డ్వైట్, ఒక్క మాట విను. విరామంలో..."

"టీచర్ గారూ, ఎనిమిదో క్లాసులో మీ మాట విన్నాను. మూడుసార్లు తప్పాను."

అవతలి కోచ్ రే టిబ్స్ చట్టం రెండుసార్లు చదివాడు. సమ్మతమేనని సంతకం పెట్టి, పోర్క్ శాండ్‌విచ్ తెప్పించుకున్నాడు.

మొదటి సగంలో ఐదుసార్లు పెనుగులాట. ఐదుసార్లూ బంతి సొంత జట్టుకే. "చూశారా, టీచర్ గారూ? పరిపాలనంటే ఇదీ."

విరామం తర్వాత, ఎప్పటిలాగే, రెండు జట్లూ వైపులు, అంటే బంతి వేసే బుట్టలు, మార్చుకున్నాయి. ఇరవై ఆరేళ్లుగా ఆ సమయంలో వెల్మా బాణాన్ని తిప్పేది. వేళ్లు దాని దాకా వెళ్లి ఆగాయి. చేతులు ఒళ్లో పెట్టుకుంది.

ఆట ముగియడానికి ఇంకా నాలుగు సెకన్లు. సొంత జట్టు ఒక్క పాయింటు ముందుంది. టిబ్స్ వేలెత్తాడు. అతని ఆటగాడొకడు వెళ్లి, సొంత జట్టువాడి చేతిలోని బంతిని పట్టుకుని వదల్లేదు. ఎనిమిది వేల తలలు బాణం వైపు తిరిగాయి. అది కదలకుండా చూస్తున్నది ఇప్పుడు టిబ్స్ జట్టు వేయాల్సిన బుట్టనే.

సెనేటర్ పరుగెత్తుకొచ్చాడు. "తిప్పండి, టీచర్ గారూ."

"ముట్టుకుంటే కుర్చీ ఊడుతుంది. నువ్వే రాశావు."

"నేనే చెబుతున్నాగా, తిప్పండి."

"స్క్రూడ్రైవర్ ఏదీ?"

టిబ్స్ జట్టు బంతి అందుకుంది, బుట్టలో వేసింది.

"సొంత కాలేజీ ఓడినా నా చట్టం చెక్కుచెదరలేదు. నిష్పక్షపాతమంటే ఇదీ," అన్నాడు సెనేటర్ మర్నాడు విలేకరులతో. గవర్నరుగా నిలబడమని పార్టీ బతిమాలింది.

వెల్మాకు ప్రశంసాపత్రం వచ్చింది. దాని వెనకే ఇంకో ఉత్తరం. తిరగని బాణానికి తిప్పే మనిషి అనవసరం కనుక ఆ కుర్చీ రద్దు. బాణం సంరక్షకుడిగా సెనేటర్ గారి బావమరిదిని నియమించడమైనది.

శనివారం ఆవిడ టికెట్ కొనుక్కుని పై వరసలో కూర్చుంది. విరామం కాగానే బావమరిది ఈల వేశాడు. కొత్తగా ఉద్యోగాలొచ్చిన ఆరుగురు వచ్చి, బల్లను బాణంతో సహా ఎత్తి, అటుది ఇటు తిప్పి పెట్టారు.

బాణాన్ని ఎవరూ ముట్టుకోలేదు.