చుక్క దాటని చెయ్యి

చరిత్రలో మొట్టమొదటిసారిగా అక్షరాలకు చుక్కలు పెట్టే బాధ్యతను ప్రభుత్వమే నెత్తికెత్తుకుంది. ఇకమీదట పసిపిల్లలెవరూ చుక్కల ఆసరా లేకుండా ఒక్క గీత కూడా గీయరాదని విద్యామంత్రిగారు ప్రకటించారు. పథకం పేరు ‘చుక్కల బాట’. ఆ పేరు కోసమే ఒక కమిటీ ఆరు నెలలు నిద్రాహారాలు మానేసిందంటే, మిగతాదానికి ఎంత శ్రమపడ్డారో వేరే చెప్పనక్కర్లేదు.

ప్రారంభోత్సవానికి పంతులమ్మ బడి ఎంపికైంది. రెండు గదులు, పందొమ్మిది మంది పిల్లలు, ఒక ఆయా. పళ్లెంలో ఇసుక పోసి, పిల్లల వేలు పట్టుకుని దిద్దించడం తప్ప పంతులమ్మకు పదకొండేళ్లుగా మరో విద్య తెలియదు. అయినా ఈ వార్త వినగానే ఆమెకు ప్రాణం లేచొచ్చింది. గదులు చాలడం లేదని ఆ బడిని మూసి, పెద్దరోడ్డు అవతలి బడిలో కలిపేయమని పైవాళ్లు తేల్చేశారు. లారీలు దూసుకుపోయే ఆ రోడ్డు దాటించి నాలుగేళ్ల పిల్లల్ని ఏ తల్లీ పంపదు. బడిని ఉండనివ్వాలన్న ఫైలు ఏడాదిగా మంత్రిగారి సంతకం కోసం కాచుక్కూర్చుంది. శుక్రవారంతో గడువు సరి. మంత్రిగారు వచ్చేది గురువారం.

బుధవారం తనిఖీ అధికారి వచ్చి ఇసుక పళ్లెం వైపు వేలు చూపించాడు.

“చుక్కలేవి?”

“ఇసుకలో చుక్కలు నిలవవు కదండీ.”

“అందుకే ఇసుకను రద్దు చేశాం. ‘అ’కు ఇరవై ఆరు చుక్కలు. ఇరవై ఏడోది పడిందా, మీరు సంజాయిషీ ఇచ్చుకోవాలి.”

ఇసుకను సీలు వేసి పట్టుకుపోయాడు. పోయేటప్పుడు అతని చుక్కల చొక్కా వీపంతా నీలం గీతలతో నిండి ఉంది. అది పిడుగు పని. పిడుగు అంటే నాలుగేళ్ల పిల్ల. చుక్కలు కంటబడితే కలిపేదాకా దాని చెయ్యి ఊరుకోదు. పంతులమ్మకు ఆ పిల్ల మీద కోపం రావాల్సింది, ముద్దొచ్చింది.

గురువారం మంత్రిగారు కెమెరాలతో సహా దిగారు. వెంట ఆయన పి.ఎ. కూడా వచ్చాడు. వరసకు బావమరిది. నల్లబల్ల మీద మొదటి ‘అ’ను మంత్రిగారే స్వయంగా దిద్దాలి. సుద్దముక్క పట్టుకుని బల్ల ముందు నిలబడి, అలాగే ఉండిపోయారు. పెద్దమనిషి వస్తున్నాడని ఆయా తెల్లవారకముందే బల్లను అద్దంలా తుడిచేసింది, చుక్కలతో సహా.

“చుక్కలేవయ్యా?”

“తుడిచేశారు బావగారూ.”

“ఒక్క అక్షరమే కదండీ, అలా రాసేయండి,” అంది పంతులమ్మ.

మంత్రిగారి నుదురు చెమర్చింది. ఒక్క క్షణమే. వెంటనే కెమెరాల వైపు తిరిగారు.

“చుక్కల్లేకుండా రాయకూడదని రూలు పెట్టింది నేను. నేనే తప్పితే రేపు పిల్లలకి ఏం చెప్పుకుంటాను?”

చప్పట్లు మోగిపోయాయి. ఒక విలేకరి కళ్లు తుడుచుకున్నాడు. ఆ చప్పట్లు ఆగకముందే మంత్రిగారు గబగబా కారువైపు నడిచారు.

అప్పటికే పి.ఎ. కిటికీ పక్క పిల్లల బల్ల మీద బడి ఫైలు తెరిచి, ఆకుపచ్చ సిరా పెన్ను పక్కన పెట్టి ఉంచాడు. కాగితం చివర సంతకం చేసే చోట పెన్సిల్ చుక్కలు వరసగా ఉన్నాయి.

“ఇవేమిటండీ?” అంది పంతులమ్మ.

“సారు సౌకర్యం కోసమమ్మా. ప్రతి ఫైలుకీ నేనే పెడతాను,” అని అతను బావగారి వెనక పరుగెత్తాడు. పంతులమ్మ అతని వెనక పరుగెత్తింది. కారు ఆగలేదు.

ఇద్దరూ ఉత్త చేతులతో తిరిగొచ్చేసరికి ఫైలు ముందు పిడుగు కూర్చుని ఉంది. చేతిలో ఆకుపచ్చ పెన్ను.

“చూడండి టీచర్, గీత బయటికి పోలేదు.”

బడి ఎలాగూ పోతుంది, ఇప్పుడు తాను జైలుకు కూడా పోవాల్సిందే అనుకుంది పంతులమ్మ. పి.ఎ. కాగితాన్ని వెలుతురుకు పెట్టి చూశాడు. జేబులోంచి మంత్రిగారి సంతకమున్న మరో కాగితం తీసి పక్కన పెట్టి చూశాడు.

“ఇదే నీటుగా ఉంది,” అని ఫైలు చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు.

శుక్రవారం మధ్యాహ్నానికల్లా ఉత్తర్వు వచ్చేసింది. బడి ఎక్కడుందో అక్కడే ఉంటుంది. పంతులమ్మ ఆయాను పట్టుకుని ఏడ్చేసింది, నవ్వింది, మళ్లీ ఏడ్చింది.

సోమవారం ఉదయం ప్రభుత్వ కారు బడి ముందు ఆగింది. డ్రైవరు నాలుగు కట్టల ఫైళ్లు దింపి కిటికీ పక్కన పేర్చాడు. పైన ‘అభ్యాస పత్రాలు’ అని చీటీ అంటించి ఉంది. పి.ఎ. ఆకుపచ్చ పెన్నుల పెట్టె తెరిచి పిడుగు ముందు పెట్టి, కింద కూర్చున్నాడు.

“సాయంత్రానికి కావాలి. కానీ తొందరేం లేదు తల్లీ, చెయ్యి నొప్పెడితే చెప్పు.”

పిడుగు మొదటి కాగితాన్ని పైనుంచి కిందికి చూసింది.

“పైన ఉన్నదంతా చదవాలా?”

“అక్కర్లేదు తల్లీ. సారు ఎప్పుడూ చదవలేదు.”

పిడుగు పెన్ను మూత తీసింది.