ఖాళీ గడి

ఈ కొసన కూస్తే ఆ కొసకి వినపడనంత పెద్ద అడవి ఒకటుండేది. అంత అడవికీ వేసవిలో మిగిలేది ఒక్కటే మడుగు.

అందుకని ఎవరు ఏ వేళకి నీళ్ళకి రావాలో చెప్పడానికి ఒక ఆఫీసు పెట్టుకున్నారు. ఆఫీసులో ఒక కంప్యూటరు, దాని ముందు డిప్పమ్మ అనే ముసలి తాబేలు.

వంతులన్నీ 'గవ్వ' అనే పాత డేటాబేస్ ప్రోగ్రాములో ఉండేవి. డేటాబేస్ అంటే మరేం లేదు, ఎవరు, ఎప్పుడు, ఎందరు అని గళ్ళు గీసి రాసుకున్న పట్టికే. నల్లటి తెర, పచ్చటి అక్షరాలు. డిప్పమ్మ ఒక్కో అక్షరం కూడబలుక్కుని నేర్చుకుని మరీ ఆ పట్టిక రాసింది. ఇరవై ఏళ్ళలో మడుగు దగ్గర ఒక్క ప్రాణం పోలేదు. పోలేదు గనక గవ్వని ఎవరూ తలుచుకోనూ లేదు.

ఒకరోజు నెమలి వచ్చి చూసి, ముక్కున కాలివేలేసుకుంది.

"ఇంకా గవ్వేనా! మా 'నెమలికన్ను' ప్రోగ్రాము చూడండి. తాకితే విచ్చుకుంటుంది."

నక్క కార్యదర్శి వెంటనే సభ పెట్టించాడు. గవ్వ ఇంకా పనికొస్తుందా, రాదా? కోతి పదిసార్లు తోక ఊపేలోగా ఎవరి మాట వాళ్ళు ముగించాలి.

"గవ్వకి కాలం చెల్లింది," అంది చిలుక.

"నువ్వెప్పుడైనా వాడావా?" అంది కుందేలమ్మ.

"వాడలేదు. అందుకే ధైర్యంగా చెప్తున్నా."

అధ్యక్షుడు ఎలుగుబంటి ఆవులించాడు. "పక్క అడవిలో ఏం వాడుతున్నారు?"

"నెమలికన్నే," అంది నెమలి.

"వాళ్ళ మడుగు ఎండిపోయిందిగా!"

"ఎండిన సంగతి తెరమీద ఎంత అందంగా కనపడుతుందో!"

నక్క లేచాడు. "ఇది చూడండి. పులిగారి వంతు అయ్యాక ఒక గడి ఖాళీ! ఇరవై ఏళ్ళుగా రోజూ ఒక వంతు వృథా. నెమలికన్నులో ఖాళీ గళ్ళుండవు."

సభంతా అయ్యో అంది.

ఆ గడి ఎందుకో డిప్పమ్మ ఒక్కదానికే తెలుసు. పులి నీళ్ళు తాగి, ఒడ్డునే ఒక కునుకు తీస్తుంది. లేచేసరికి ఆకలి. ఆ గడి ఆ కునుక్కీ, ఆ ఆకలికీ. గడి తీసేస్తే తర్వాతి వంతు కుందేలమ్మది, వెంట ఆరుగురు పిల్లలు.

చెబుదామని మెడ బయటికి చాచింది. చాచడం పూర్తయ్యేలోగా తోక పదిసార్లు ఊగిపోయింది.

"సమయం అయిపోయిందండీ డిప్పమ్మగారూ," అన్నాడు నక్క ఎంతో మర్యాదగా. రేపట్నించి వంతులన్నీ నెమలికన్నులోనే అని సభ తేల్చేసింది.

అయినా ఆమె వదల్లేదు. నడిచి నడిచి సాయంత్రానికి నక్క గడప చేరింది.

"నాయనా, ఆ వేళకి మడుగు దగ్గర ఎవరూ ఉండకూడదు."

నక్క కళ్ళు చికిలించాడు. "ఎవరూ ఉండకూడదా? ఓహో! ఇన్నాళ్ళూ మడుగంతా నువ్వొక్కదానివే అనుభవిస్తున్నావన్నమాట! ఇకమీదట ఆ వంతు నాది. కుందేళ్ళు నా తర్వాత రావచ్చు."

డిప్పమ్మ అసలు సంగతి చెప్పడానికి నోరు తెరిచింది. ఆరుగురు పిల్లలూ కళ్ళముందు మెదిలారు. నోరు మూసుకుంది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం నక్క తువ్వాలు భుజాన వేసుకుని మడుగుకి వెళ్ళాడు. పులి అప్పుడే ఒళ్ళు విరుచుకుంటోంది.

"ఇది నా వంతండీ! తెరమీద చూసుకోండి, రంగుల్లో ఉంది!"

"నాకు చదువు రాదు," అంది పులి.

నక్క ప్రాణాలతో తిరిగొచ్చాడు. తోక రాలేదు.

మళ్ళీ సభ. ఈసారి నక్క గోడకి వీపు ఆనించి నిలబడే మాట్లాడాడు. నెమలికన్ను అద్భుతమని అందరూ చప్పట్లు కొట్టారు. కాకపోతే దాని అడుగున గవ్వ కూడా నడవాలన్నారు, ఎవరికీ కనపడకుండా. ఖాళీ గడి తిరిగొచ్చింది. దానిమీద ఇప్పుడు 'కార్యదర్శిగారి ప్రత్యేక వంతు' అని ఉంది. కార్యదర్శిగారు ఎన్నడూ రారు.

సభ ముగిశాక కుందేలమ్మ పిల్లల్ని వెంటేసుకుని వచ్చింది. "ఏం రాస్తున్నావు అత్తా?"

"గవ్వ పనికిరాదని తీర్మానం చేశారే. అది రాస్తున్నా."

"దేంట్లో?"

"గవ్వలోనే. కొత్తదాంట్లో పెడితే చెరిగిపోతుందేమోనని వాళ్ళ భయమట."

కాబట్టి పిల్లలూ, పాతది పనికిరాదని అందరూ ఒక్క మాట మీదికొస్తే, ఆ మాటని భద్రంగా పాతదాంట్లోనే దాచుకోవాలి.