డబ్బీలో నిలబడ్డ అయిదు రూపాయల బిళ్ళ

చెల్లే నాణెం కూడా ఒక నాణెమేనా? చేతులు మారీ మారీ, చేపల బుట్టలో పడి, కండక్టర్ సంచిలో నలిగి, చివరికి అంగట్లో పచ్చిమిరపకాయలకు మారిపోయే నాణేనికి గౌరవం ఎక్కడిది? గాలి తగలకుండా, చెయ్యి పడకుండా, ఎన్నటికీ ఖర్చు కాకుండా ప్లాస్టిక్ డబ్బీలో కూర్చున్నదే అసలైన నాణెం! ఈ సత్యాన్ని కోరుట్లలో మొట్టమొదట గ్రహించిన మహానుభావుడు జలపతి.

జలపతి తండ్రి తాటిచెట్లెక్కి కల్లు గీశాడు. జలపతి దుబాయి వెళ్ళి క్రేన్ ఎక్కాడు. అక్కడి సేటు ఒకరోజు తన బీరువాలోని నాణేలు చూపించాడు. ఒక్కొక్కటీ గట్టి ప్లాస్టిక్ డబ్బీలో సీలై ఉంది. కొత్త నాణేన్ని కంపెనీకి పంపితే, గీత ఉందా, మచ్చ ఉందా అని భూతద్దంతో చూసి, డెబ్బైకి ఇన్ని అని మార్కులు వేస్తారట. తొందరగా పంపిన వాళ్ళకు ‘మొదటి విడుదల’ అని ప్రత్యేకమైన లేబుల్ కూడా అంటిస్తారట. పదో తరగతిలో తనకు రాని మార్కులు నాణేనికైనా వస్తాయంటే మనిషికి ఆశ పుట్టదా?

ఈ ఏడాది రూపాయి గుర్తుతో కొత్త బిళ్ళలు వచ్చాయి. సెలవు మీద ఇంటికొచ్చిన జలపతి, జగిత్యాలలో బ్యాంకు తలుపు తెరవకముందే లైన్లో నిలబడి ఒక అయిదు రూపాయల బిళ్ళ సంపాదించాడు. దాన్ని దస్తీలో చుట్టి బొంబాయిలోని అలాంటి కంపెనీకి కొరియర్ చేశాడు. కొన్నాళ్ళకు అది డబ్బీలో దర్జాగా కూర్చుని తిరిగొచ్చింది. పైన ‘మొదటి విడుదల’ అని లేబుల్, కింద డెబ్బైకి అరవై తొమ్మిది.

జలపతికి అన్నం సహించలేదు. నేరుగా తెలంగాణ కోసం వేసిన ధర్నా టెంటుకు వెళ్ళి కూర్చున్నాడు. “గా ఒక్క మార్కు ఏడవోయింది? కోరుట్ల అడ్రస్ జూసి కోసిండ్లు. నీళ్లల్ల అన్యాయం, కొలువులల్ల అన్యాయం, ఆఖరికి బిళ్లల గూడ మనకు అన్యాయమే” అన్నాడు. టెంటులో వాళ్ళు చప్పట్లు కొట్టారు కూడా.

అసలు ఈ పద్ధతిని అన్నిటికీ పెట్టాలి. సిరిసిల్ల మరమగ్గం మీద దిగిన మొదటి చీరను సీల్ చేసి లేబుల్ వేస్తే, కట్టుకునేవాళ్ళు లేక ఎంత భద్రంగా ఉంటుంది! కోరుట్ల హోటల్లో తొలి వాయి ఇడ్లీకి ‘మొదటి విడుదల’ అని ముద్ర వేస్తే, అది పాచిపోవచ్చు గానీ పరువు పోదు. ఈ సకల జనుల సమ్మెలో డిపోలో ఆగిపోయిన బస్సుల్నే చూడండి. టైరు అరగలేదు, సీటు చిరగలేదు, డెబ్బైకి డెబ్బై! ప్రయాణికుడు ఎక్కితేనే కదా బస్సుకు మార్కులు పోయేది?

ఇంత మంచి సంగతి జలపతి భార్య రాజక్కకు మాత్రం తలకెక్కలేదు. ఆమె బాధ వేరు. దుబాయి వీసా మళ్ళీ వచ్చింది. దసరా దాటితే జలపతి వెళ్ళిపోతాడు. “తెలంగాణ వస్తే ఈడనే ఏదన్న కొలువు దొరుకుతది, ఇగ పోను” అని ఒకనాడు అన్నాడు. కాబట్టి రాజక్కకు వీసా గడువు దాటకముందే తెలంగాణ రావాలి.

వాళ్ళ వాడలో ఎల్లమ్మ గుడి ముందు ఒక నున్నటి రాయి ఉంది. మనసులో కోరుకుని దాని మీద బిళ్ళను అంచున నిలబెట్టాలి. నిలబడితే తల్లి ఒప్పుకున్నట్టు. మంగళవారం రాజక్క తలస్నానం చేసి బయల్దేరింది గానీ ఇంట్లో చిల్లర లేదు. దుకాణంలో చిల్లరకు బదులు చాక్లెట్లు చేతిలో పెడుతున్న రోజులాయె. షోకేసులోని డబ్బీని కొంగులో దాచుకుని వెళ్ళి రాయి మీద పెట్టింది. టక్కున నిలబడింది! చదునైన అడుగున్న డబ్బీ నిలబడక ఏం చేస్తుంది? చుట్టూ ఉన్న ఆడవాళ్ళు జై తెలంగాణ అన్నారు. పూజారి మొండయ్య మాత్రం వంగి చూసి తల అడ్డంగా ఊపాడు.

“రాజక్కా, నిలబడ్డది డబ్బి. తల్లి నిలబెట్టుమన్నది బిళ్లను. బయటికి తియ్యి.”

అప్పటికే సంగతి తెలిసి జలపతి ఉరికొచ్చాడు. “తీస్తే గ్రేడు పోతది. లేబుల్ ఇగ పనికిరాదు.”

“గ్రేడు పోతదని నీకు బుగులు. నువ్వు పోతవని నాకు బుగులుండదా?” అంది రాజక్క. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. జలపతి డబ్బీ తీసుకుని ఇంటిదారి పట్టాడు.

ఇందులో అతని తప్పేముంది, పాఠకులారా? ఢిల్లీ చేసిందీ ఇదే కదా! రెండేళ్ళ కింద డిసెంబరులో మనకూ ‘తెలంగాణ’ అనే ఒక కొత్త బిళ్ళ విడుదలైంది. తళతళలాడింది. పటాకులు కాల్చాం, మిఠాయిలు పంచుకున్నాం. చేతికందేలోపే దాన్ని తీసుకుపోయి సీల్ చేశారు. కమిటీ భూతద్దం పెట్టి చూసింది, మార్కులు వేసింది. ఇప్పుడు దాని మీద ‘సంప్రదింపులు’ అని ప్రత్యేకమైన లేబుల్ ఉంది. ఎంత భద్రం! చూసుకోవచ్చు, మురిసిపోవచ్చు. దాన్ని పెట్టి ఒక్క జలపతిని కూడా ఊళ్ళో ఆపుకోలేం.

ఆ సాయంత్రమే రాజక్క పసుపు దంచే రోకలి తీసి డబ్బీ మీద ఒక్కటి వేసింది. గుమ్మంలో నిలబడ్డ జలపతి చూశాడు గానీ ఆపలేదు. ఇద్దరూ కలిసి గుడికి వెళ్ళారు. బిళ్ళ రాయి మీద ఊగింది, పడింది. మళ్ళీ పెడితే మళ్ళీ పడింది.

“జరుగు, నేను నిలబెడత” అని జలపతి కూర్చున్నాడు. దుమ్ము ఊది, తన వేళ్ళతోనే దాన్ని పట్టుకున్నాడు. అతనికీ నిలబడలేదు.

“పడనియ్యి, మళ్ల నిలబెడుదాం” అంది రాజక్క. “డబ్బిల ఉన్నన్ని దినాలు దానికి పడుడు గూడ రాలే.”

ఇది అచ్చుకు వెళ్ళేనాటికి బిళ్ళ ఇంకా నిలబడలేదు. వీసాకు ఇంకా గడువుంది. మొగుడూ పెళ్ళాం రోజూ గుడికి వెళ్తున్నారు. ఢిల్లీలో ఎవరికైనా సీలు తీయడం చేతకాకపోతే తన రోకలి ఇస్తానంటోంది రాజక్క. పసుపు దంచే పని పడేలోపు తిరిగి తెచ్చివ్వాలట.