శేషగిరి గారే వేయట్లేదట

ఆ శనివారం పొద్దున శేషగిరి చేతిలో ఉన్నవి మూడు: లెక్కలంటే ప్రాణం పెట్టే ఎనిమిదో తరగతి కూతురు, ముప్ఫై సీట్లున్న ఒక ప్రభుత్వ హైస్కూలు ప్రోగ్రాం, కెనడాలోని కిచెనర్ ఊళ్లో తెలుగువాళ్ల మధ్య పదిహేనేళ్లు కిరాణాకొట్టు నడిపి సంపాదించుకున్న మాట విలువ. మొదటిది దేవుడిచ్చింది. రెండోది అదృష్టం ఇవ్వాలి. మూడోది మాత్రం స్వార్జితం.

తొమ్మిదో తరగతి నుంచి లెక్కలూ సైన్సూ లోతుగా చెప్పే ప్రోగ్రాం అది. ఒకప్పుడు పరీక్ష పెట్టి పిల్లల్ని తీసుకునేవారు. ఇప్పుడు అందరికీ సమానావకాశం ఉండాలని లాటరీ పెట్టారు. నిరుడు తొంభై మంది అప్లై చేస్తే ముప్ఫై మందికి వచ్చింది. చదివే పిల్లకూ చదవని పిల్లకూ ఒకే చీటీ ఏమిటని శేషగిరి నెల రోజులు మండిపడ్డాడు.

"ఇట్స్ ఫెయిర్, నాన్నా. ఎవ్రీబడీ గెట్స్ వన్ స్లిప్," అంది రిషిత.

"ఫెయిరే తల్లీ. తొంభై చీటీల్లో నీదొకటి. నలభై చీటీల్లో నీదొకటైతే ఇంకా ఫెయిరు," అన్నాడు శేషగిరి.

ఆ పొద్దుటి పథకం చిన్నది. ఇడ్లీ తింటూ ఆన్‌లైన్‌లో ఫారం నింపాలి, కొట్టు తెరవాలి, వచ్చే శుక్రవారం గడువు ముగిసేదాకా నోరు మెదపకూడదు. నలుగురికీ చెబితే దిష్టి తగులుతుందని భార్య వాసవి భయం. చెబితే పోటీ పెరుగుతుందని శేషగిరి భయం. ఆ ఇంట్లో ఇద్దరూ ఒక మాట మీద ఉండడం అరుదు కనుక పని చకచకా సాగింది. చివర్లో "నియమాలన్నీ చదివాను" అన్నచోట శేషగిరి టిక్కు పెట్టాడు. బస్తా విప్పి గుప్పెడు గింజలు చూస్తే తప్ప బియ్యం కొనని మనిషి, చదవకుండా ఒప్పుకున్నది జీవితంలో ఆ ఒక్క కాగితమే.

పదిన్నరకు యోగానంద్ కొట్టుకు వచ్చాడు. ఆయన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, కరీంనగర్ మనిషి. ఆయన కూతురు మధుమితా, రిషితా కిండర్‌గార్టెన్ నుంచీ ఒక జత. శనివారాలు కొట్టు వెనక గదిలో పప్పు బస్తాల మీద కూర్చుని ఇద్దరూ లెక్కలు చేసేవారు.

"అన్నా, ఆ మ్యాథ్స్ ప్రోగ్రాంకు రిషితను అప్లై చేయిస్తున్నరా? శుక్రవారం లాస్ట్ డేట్ అట గదా."

"లేదు తమ్ముడూ."

"ఎందుకన్నా?"

శేషగిరి కొత్తిమీర కట్ట సంచిలో పెడుతూ, "ఎందుకో, మనసొప్పలేదు," అన్నాడు.

కారణం చెప్పి ఉంటే యోగానంద్ దానికి ఎదురు కారణం వెతుక్కునేవాడు. కారణం చెప్పని మాటకు తిరుగుండదు. అందులోనూ ఆ మాట అన్నది శేషగిరి. ఆయన కొట్లో పెట్టనన్న కందిపప్పులో నెల తిరక్కుండా పురుగు పడింది. ఆయన పెదవి విరిచిన వీధిలో మరుసటి వసంతంలో మంచు కరిగి బేస్‌మెంట్లన్నీ నీళ్లతో నిండాయి. ఆయన ఏం కొంటాడన్నది ఎవరూ పట్టించుకోరు కానీ, ఏది ముట్టడన్నది ఊరంతా గమనిస్తుంది.

ఆదివారానికి వాట్సాప్ గ్రూపులో ఒకటే ముక్క తిరిగింది: "శేషగిరి గారే వేయట్లేదట." సోమవారానికి దానికి కారణం మొలిచింది, లెక్కల టీచరు మానేస్తున్నాడట. మంగళవారానికి ఆయన మానేయడానికి కారణం మొలిచింది. బిల్డింగు గోడలకు చెమ్మ చేరి బూజు పట్టిందట. బుధవారం పాలకోసం వచ్చిన పంజాబీ ఆవిడ శేషగిరిని పక్కకు పిలిచి, "మీ అమ్మాయిని అక్కడ వేయకండి. ఎవరో షాపాయనకు స్కూల్ బోర్డులో మనిషి ఉన్నాడట. ఆయనే మానుకున్నాడట," అని ఇంగ్లీషులో హెచ్చరించింది. శేషగిరి ఆవిడకు థాంక్స్ చెప్పి, మనసులో మరో పది చీటీలు తీసేశాడు.

ఆ సాయంత్రం వాసవి అడిగింది. "ఏమండీ, ఆ స్కూల్లో బూజంట. మన అప్లికేషన్ వెనక్కి తీసుకుందామా?"

"పిచ్చిదానా, అది నేను పుట్టించిన బూజే."

"మీరన్నది మనసొప్పలేదనే కదా. బూజని మీరనలేదుగా. మరి ఎవరో చూసే ఉంటారు."

గురువారం పొద్దున శేషగిరి గొంతు మార్చి స్కూలుకు ఫోన్ చేసి, బూజు సంగతి, లెక్కల సారు సంగతి కనుక్కున్నాడు. రెండూ అబద్ధమేనని చెప్పి, "ఈ వారం ఇది పద్నాలుగో ఫోన్," అని నిట్టూర్చింది అవతలి అమ్మాయి. తాను కల్పించిన సరుకును తానే అనుమానించి, తానే పరీక్ష చేయించుకుని, శేషగిరి తేలికపడ్డాడు.

మధ్యాహ్నం స్కూలు వదలగానే రిషిత కొట్టుకు వచ్చింది.

"మధు ఈజ్ నాట్ అప్లయింగ్. హర్ డాడ్ సెడ్ యూ సెడ్ నో."

శేషగిరి రసీదుల కాగితం మార్చడం మొదలుపెట్టాడు.

"కెన్ ఐ టెల్ హర్ వీ అప్లైడ్?"

"శనివారం చెప్పు."

"టుమారో ఈజ్ ద లాస్ట్ డే, నాన్నా."

"అందుకే శనివారం చెప్పమంటున్నా."

రిషిత ఆయన ముఖంలోకి చూసి, వెనక గదిలోకి వెళ్లింది. ఆ రోజు మధుమిత రెండుసార్లు ఫోన్ చేసింది. రిషిత ఎత్తలేదు. ఎత్తితే అబద్ధం చెప్పాలి, ఆ పిల్లకు అది చేతకాదు. మోగి మోగి ఆగిన ఫోను చప్పుడు గల్లా దగ్గరికి వినిపిస్తూనే ఉంది. మధుమిత శేషగిరి చేతుల మీద పెరిగిన పిల్ల. అయినా చీటీ చీటీయే అనుకున్నాడు.

శనివారం వచ్చినా రిషిత మధుకు చెప్పలేకపోయింది. గడువు ముగిసిన పది రోజులకు ఈమెయిల్ వచ్చింది. ఈ ఏడు పంతొమ్మిది అప్లికేషన్లే వచ్చాయి. కనీసం ఇరవై ఉంటేనే క్లాసు నడుపుతారు. కాబట్టి లాటరీ లేదు, ప్రోగ్రామూ లేదు. చింతిస్తున్నాం. ఆ నియమం ఫారంలోనే ఉంది, శేషగిరి టిక్కు పెట్టిన గడికి సరిగ్గా రెండు లైన్ల పైన.

రిషిత దాన్ని రెండుసార్లు చదివింది. ఏడవలేదు.

"మధు వుడ్ హావ్ బీన్ ట్వెంటీ," అంది. "లాటరీ కూడా అక్కర్లేదు. ఇద్దరికీ వచ్చేది." ఆ చివరి మాటలు తెలుగులో అంది. కోపం వచ్చినా ఇంగ్లీషు వదలని పిల్ల.

సంగతి తెలిసి ఆ వారం శనివారం యోగానంద్ చేతులు జోడించుకుంటూ వచ్చాడు.

"మీకు ముందే ఎరుకున్నది గదన్నా, అది మూతపడుతదని. మీ మాట విని బతికినం. ఉత్తగ ఆశపెట్టుకుని పిల్ల ఏడ్చేది."

శేషగిరి ఆగలేకపోయాడు. "తమ్ముడూ, మేం వేశాం. ఆ పంతొమ్మిదిలో మాదొకటి."

"ఊకోండ్రి."

"నిజం. నీతో అబద్ధం చెప్పాను."

యోగానంద్ నవ్వి ఆయన భుజం తట్టాడు. "నా బాధ జూసి గట్లంటున్నరు. మీరు వేస్తే ఊరంత వెయ్యకపోవునా? పెద్ద మనసన్నా మీది. గది సరే, మధుకు కోడింగ్ క్లాసు ఏది మంచిదో చెప్పుండ్రి."

వెనక ఇంకా ముగ్గురు నిలబడ్డారు, తలా ఒక సలహా కోసం. పదిహేనేళ్లలో శేషగిరి చేతి మీదుగా అమ్ముడుపోని సరుకంటూ లేదు. ఆ రోజు చెప్పిన నిజమొక్కటే మిగిలిపోయింది.

యోగానంద్ నమ్మలేదు కానీ మధుమిత నమ్మింది. రిషితే వెళ్లి చెప్పింది. ఆ తర్వాత శనివారాలు వెనక గదిలో పప్పు బస్తాలు మాత్రమే ఉండేవి.

సెప్టెంబరులో పిల్లలిద్దరూ దగ్గర్లోని మామూలు హైస్కూల్లో చేరారు. స్కూలు బస్సు కొట్టు ఎదుటే ఆగుతుంది. మధుమిత ముందు ఎక్కి, వెనక్కి వెళ్లిపోతుంది. రిషిత కిటికీ పక్కన కూర్చుని, బ్యాగు ఒళ్లోనే పెట్టుకుంటుంది. శేషగిరి తలుపు అద్దంలోంచి రోజూ చూస్తాడు. ఇంత లెక్క వేసి ఆయన సాధించింది అదే: కూతురి పక్కన ఒక ఖాళీ సీటు, దానికి పోటీ ఎవరూ లేరు.