పదకొండు పేర్ల రాకెట్టు

ఇందుమూలంగా బంధుమిత్రులందరికీ తెలియజేయడమేమనగా, రాబోయే ఆదివారం సాయంత్రం సరిగ్గా నాలుగు గంటలకు ఆటల మైదానంలో మన కుటుంబ రాకెట్టు ఆకాశంలోకి పంపబడును. అనంతరం టీ, బిస్కెట్లు ఇవ్వబడును.

ఈ ప్రకటన నాన్న ప్రింటింగ్ షాపులో, మందపాటి కాగితం మీద, రెండు రంగుల్లో అచ్చయింది. రాకెట్టు పొడవు అడుగున్నర. ప్రకటన పొడవు రెండడుగులు. ఈ కార్యక్రమంలో ఏది ముఖ్యమో చూసినవారికి చూడగానే తెలిసిపోయేది.

రాకెట్టు తయారుచేసింది ఆ ఇంటి పదిహేనేళ్ల అమ్మాయి. ఇంట్లో ఆమెను గుసగుస అని పిలుస్తారు. ఆమె మాట వినపడాలంటే ఫ్యాను ఆపాలి. ఆమె మాట కోసం ఫ్యాను ఆపేంత అవసరం ఆ ఇంట్లో ఇంతవరకూ రాలేదు.

ఆరు వారాలపాటు మెట్ల కింద కూర్చుని ఆ రాకెట్టు చేసింది. అట్టగొట్టం, పల్చటి చెక్కతో మూడు రెక్కలు, అమ్మ కుట్టుమిషను దగ్గర మిగిలిన గుడ్డముక్కతో గొడుగులాంటి పారాచూటు. సైన్సు టీచరు ఒకే ఒక్క ఇంజను ఇచ్చింది. ఇంజనంటే బొటనవేలంత గొట్టంలో దట్టించిన మందు. ఒకసారి మండితే అయిపోయినట్టే, రెండోది లేదు. నూట యాభై గ్రాములు దాటితే మోయదని దాని మీదే రాసి ఉంది. గుసగుస రాకెట్టు ఇంజనుతో కలిపి తొంభై రెండు గ్రాములు తూగింది.

టీచరు ఒక ఫారం కూడా ఇచ్చింది. రాకెట్టు ఎగిరిందని, ఎంతెత్తు ఎగిరిందో కూడా రాసి, కళ్లారా చూసిన పెద్దవారొకరు సంతకం పెట్టాలి. సోమవారం ఆ ఫారం ఇచ్చినవారికి స్కూలు రాకెట్ క్లబ్బులో చోటు. ఇవ్వలేనివారికి వచ్చే ఏడాది. తన ఇంట్లో పెద్దవారికి కొదవ లేదు కాబట్టి సంతకం గురించి గుసగుస అసలు బెంగపెట్టుకోలేదు.

ఇదంతా సక్రమంగా సాగుతుండగా పెదనాన్న మెట్ల కింద చెప్పులు వెతుక్కుంటూ వంగాడు.

పెదనాన్న తూనికలు కొలతల శాఖలో ముప్పై నాలుగేళ్లు పనిచేసి, ఊరందరి తక్కెళ్లనూ అనుమానించి, గౌరవంగా రిటైరైన మనిషి. ఆ తర్వాత అధ్యక్షత వహించడానికి ఏమీ దొరక్క కాస్త ఒళ్లు చేశాడు.

"ఏంటే ఇది?"

"రాకెట్టు, పెదనాన్నా."

"ఎగురుతుందా?"

"ఎగురుతుంది."

"మరి కమిటీ ఏది?" అన్నాడు పెదనాన్న, నిజంగా బాధపడుతూ.

ఆ సాయంత్రమే కుటుంబ అంతరిక్ష సంఘం ఏర్పడింది. అధ్యక్షుడు పెదనాన్న. ఉపాధ్యక్షురాలు అత్తయ్య. ప్రచార కార్యదర్శి నాన్న. అధికారిక ఫోటోగ్రాఫరు అత్తయ్య కొడుకు; పెళ్లిళ్లలో ఫోటోలు తీసి బతుకుతున్న అతన్ని గుసగుస బావా అంటుంది. నానమ్మ సమావేశమంతా నిద్రపోయింది కాబట్టి ఏకగ్రీవంగా గౌరవ సలహాదారు అయింది. పెద్దమ్మ, అమ్మ, మామయ్య, పెదనాన్న పాత ఆఫీసు స్నేహితులు ముగ్గురు కార్యవర్గ సభ్యులు. గుసగుసకు కూడా అన్యాయం జరగలేదు. ఆమెను సాంకేతిక సహాయకురాలిగా, తాత్కాలిక ప్రాతిపదికన, నియమించారు.

రెండో సమావేశంలో రాకెట్టు మీద పేర్లు రాయాలన్న తీర్మానం వచ్చింది. పదకొండు మంది, పదకొండు పేర్లు. ఎవరి పేరు ముక్కుకు దగ్గరగా ఉండాలన్న విషయం మీద రెండు గంటలు చర్చ జరిగింది. ఈ చర్చలో అత్తయ్య ఒకసారి ఏడ్చింది, మామయ్య రెండుసార్లు లేచి వెళ్లిపోయి టీ కోసం తిరిగొచ్చాడు. చివరికి వయసును బట్టి రాయాలని తేలింది. వయసు చెప్పడానికి పెద్దమ్మ ఒప్పుకోలేదు. పేర్లన్నీ ఒకే ఎత్తులో, గొట్టం చుట్టూ, గేట్లకు వేసే పెయింటుతో మూడు పూతలు వేసి రాశారు. గుసగుస పేరుకు చోటు చాలలేదు. ఒక రెక్క అడుగున, నేలకు ఆనే అంచు మీద, రాసుకోవడానికి అనుమతి ఇచ్చారు.

మరునాడు అత్తయ్య రెక్కలకు లేసు కుట్టింది. మామయ్య ముక్కు దగ్గర చిన్న గంట కట్టాడు. పైకి వెళ్లాక ఎవరికి వినిపించడానికో అడిగినవాళ్లు లేరు. పెదనాన్న తన రిటైర్మెంటు నాడు ఇచ్చిన ఇత్తడి బిళ్లను నడుముకు బిగించాడు. రాకెట్టు ఇప్పుడు చూడముచ్చటగా ఉంది. రెండు వందల నలభై గ్రాములు తూగింది.

గుసగుస ఊరుకోలేదు. మూడు ప్రయత్నాలు చేసింది.

మొదటిది నోటిమాట.

"పెదనాన్నా, బరువెక్కువైంది."

"ఏమంటోంది?" అన్నాడు పెదనాన్న.

"బావుందంటోంది," అంది అత్తయ్య.

రెండోది రాతపూర్వకం. చీటీ రాసి సమావేశం బల్ల మీద పెట్టింది. పెదనాన్న కళ్లజోడు పెట్టుకుని చీటీని గట్టిగా చదివాడు. "సభ్యురాలి సూచన అందినది. తగు సమయంలో పరిశీలించబడును," అని చీటీ మడిచి, కదులుతున్న కుర్చీ కాలి కింద పెట్టాడు. కుర్చీ కదలడం మానింది. సూచన ఉపయోగపడలేదని ఎవరూ అనలేరు.

మూడోసారి వంటింటి త్రాసు తెచ్చి, రాకెట్టును అందరి ముందూ దాని మీద నిలబెట్టింది. రెండు వందల నలభై. పెదనాన్న వంగి చూశాడు. రాకెట్టును కాదు, త్రాసును. తిప్పాడు, బోర్లించాడు, తట్టాడు.

"దీనికి శాఖ ముద్ర ఏదీ?"

ముద్ర ఉందేమోనని అమ్మ కొంగుతో త్రాసు తుడిచి చూసింది.

"ముద్ర లేని త్రాసు చెప్పిన బరువు బరువే కాదు," అని త్రాసును స్వాధీనం చేసుకున్నాడు. వారం రోజులు ఆ ఇంట్లో అమ్మ పిండిని చేత్తోనే అంచనా వేసుకుంది.

"ఇంతకీ బరువైతే ఏమవుతుందే?" అని అమ్మ ఆ రాత్రి గిన్నెలు కడుగుతూ అడిగింది.

"సరిగ్గా లేవదమ్మా. కొంచెం లేచి, పక్కకు తిరిగి, మన మీదకే వస్తుంది."

"అయ్యో," అంది అమ్మ. గిన్నె బోర్లించి, "అయితే టీ ఫ్లాస్కు దూరంగా పెట్టిస్తాలే. మీ పెదనాన్న సరదా పడుతున్నారు, ఇప్పుడు కాదంటే బావుండదు," అంది.

గుసగుస మెట్ల కిందకు వెళ్లింది. శనివారమంతా కూర్చుని ఇంకో గొట్టం చుట్టి, దానికి మూడు రెక్కలు అంటించింది. దానికి రంగు లేదు, లేసు లేదు, పేరు లేదు. దాన్ని స్కూలు సంచిలో, పుస్తకాల మధ్య దాచింది.

ఆదివారం మైదానం నిశ్శబ్దంగా, గాలి లేకుండా, ఆదర్శప్రాయంగా ఉంది. మైదానం కాపలా తాత గుసగుస దగ్గరికొచ్చి, "ఏదైనా ఎగరేసేదుంటే ఐదులోపు కానిచ్చెయ్యి పాపా. ఐదు దాటితే ఇక్కడ గాలి లేస్తుంది," అని చెప్పి గేటు దగ్గరికి వెళ్లిపోయాడు.

నాలుగు గంటలకు పెదనాన్న ప్రసంగం మొదలైంది.

"మానవుడు పక్షిని చూశాడు. చూసి ఊరుకున్నాడా? ఊరుకోలేదు. కమిటీ వేశాడు!"

పాత ఆఫీసు స్నేహితులు ముగ్గురూ చప్పట్లు కొట్టారు. ప్రసంగం ముప్పై ఐదు నిమిషాలు సాగింది. అందులో అంతరిక్షం రెండుసార్లు, తూనికల శాఖ పంతొమ్మిదిసార్లు వచ్చాయి. రాకెట్టు ప్రస్తావన సమయాభావం వల్ల రాలేదు.

తర్వాత రిబ్బను కత్తిరించారు. గుసగుస రాకెట్టును స్టాండు మీద నిలబెట్టి, ఇంజనును మండించే బటన్ వైరు చేతిలోకి తీసుకుంది. ఇక ఎగరేయడమే తరువాయి అనుకుంటుండగా బావ చెయ్యెత్తాడు.

"ముందు ఫోటో! ఎగిరాక అందరూ మెడలు పైకెత్తుతారు. గడ్డాలు తప్ప ఏమీ పడవు."

ఈ వాదనలో లోపం ఎవరికీ కనిపించలేదు. రాకెట్టుకు ఇరవై అడుగులు ముందు కుర్చీలు వేశారు. అందరూ రాకెట్టుకు వీపు పెట్టి, కెమెరాకు ముఖం పెట్టి సర్దుకోవడం మొదలుపెట్టారు. నానమ్మ మధ్యలో. పెదనాన్న కూడా మధ్యలోనే. ఇద్దరూ మధ్యలో కూర్చునే పద్ధతి కనిపెట్టడానికి చాలాసేపు పట్టింది.

గుసగుస వరస చివర నిలబడబోయింది.

"ఏయ్ గుసగుసా, నువ్వు వెనక్కెళ్లు," అన్నాడు బావ. "ఆ వైరు పట్టుకుని ఫ్రేములోకి రాకు, నీటుగా ఉండదు."

ఆమె వెనక్కి వెళ్లింది. ఎవరూ చూడని చోట మనిషికి చాలా పనులు జరుగుతాయి. పదకొండు పేర్ల రాకెట్టును స్టాండు మీంచి దించింది. దాని కడుపులోంచి ఇంజనూ పారాచూటూ తీసి, సంచిలోని ఉత్త గొట్టంలో అమర్చింది. దాన్ని స్టాండుకు ఎక్కించింది. వైరు తగిలించి, బటన్ పట్టుకుని, దూరంగా వెళ్లి నిలబడింది. ఫోటో అయ్యాక అందరూ ఇటు తిరుగుతారు, తిట్లు తప్పవు, అయినా ఎగరడం చూస్తారు. ఆమె లెక్క అది.

"ఎవరూ కదలొద్దు!" బావ గొంతు మైదానమంతా వినిపించింది. "రెప్ప వేయొద్దు! వెనక ఆకాశం విరిగి పడినా తిరగొద్దు! మామయ్యా, పొట్ట లోపలికి. రెడీ! మూడు... రెండు... ఒకటి!"

అచ్చయిన కార్యక్రమ పత్రంలో ఏడో నిబంధన ఇలా ఉంది: మూడు, రెండు, ఒకటి అనగానే బటన్ నొక్కవలెను. గుసగుస నొక్కింది. పొరపాటున నొక్కిందో, గాలి లేస్తుందని నొక్కిందో ఆమె తన డైరీలో కూడా రాసుకోలేదు.

స్స్స్ మని ఒక్కసారి చప్పుడైంది. రాకెట్టు నిటారుగా, ఎవరో పైనుంచి దారం పట్టి లాగినట్టు, వెళ్లిపోయింది. కింద తెల్లటి గీత మిగిలింది. పైన, గీత చివర, అది ఒక్క క్షణం చుక్కలా ఆగింది. తర్వాత టప్ మని పారాచూటు విచ్చుకుంది.

ఆ చప్పుడు ఫోటోలోని పదిమందికీ స్పష్టంగా వినపడింది. అది ఎవరి నుంచి వచ్చిందో కూడా ప్రతివారికీ గట్టి అనుమానమే ఉంది. మర్యాదస్థులు కనుక ఎవరూ తిరగలేదు.

"సిగ్గు లేదూ?" అంది అత్తయ్య, నవ్వు చెదరకుండా, పళ్ల మధ్యనుంచి.

"నేను కాదు," అన్నాడు మామయ్య, నవ్వుతూనే.

నానమ్మ మాత్రం పెదనాన్న వైపు ఓరగా చూసింది. చిన్నప్పటినుంచీ ఎరిగిన కొడుకు.

బావ కెమెరాలో ఎవరి రెప్పలు మూసుకున్నాయో చూస్తున్నాడు. వృత్తి ధర్మం. ఇంకో రెండు తీసి, "అయిపోయింది, కదలొచ్చు," అన్నాడు. ఈలోగా గుసగుస భయంతో పేర్ల రాకెట్టును తిరిగి స్టాండు ఎక్కించేసింది. అందరూ తిరిగి చూశారు. లేసు, గంట, ఇత్తడి బిళ్లతో రాకెట్టు చెక్కుచెదరకుండా నిలబడి ఉంది.

"ఎవరో చెత్త తగలబెడుతున్నట్టున్నారు," అంది పెద్దమ్మ, ముక్కు ఎగబీలుస్తూ.

"పెదనాన్నా, ఎగిరిపోయింది," అంది గుసగుస. జీవితంలో మొదటిసారి అందరికీ వినపడేలా అంది.

"ఏది ఎగిరింది? ఇదుగో, ఇక్కడే ఉందిగా! నొక్కు బటను."

నొక్కింది. ఏమీ జరగలేదు. పెదనాన్న స్వయంగా నొక్కాడు. అధ్యక్ష హోదాలో ఇంకోసారి నొక్కాడు. అప్పటికి ఐదయింది, గాలి లేచింది, బిస్కెట్ల కవరు ఎగిరిపోయింది. ఆనాటి అధికారిక కార్యక్రమంలో ఎగిరింది అదొక్కటే.

సరిగ్గా అప్పుడు కాపలా తాత మైదానం ఆ చివరినుంచి నడుచుకుంటూ వచ్చాడు. చేతిలో ఉత్త అట్టగొట్టం, వేలాడుతున్న గుడ్డముక్క.

"ఇది మీదేనాండీ? గోడ దగ్గర పడింది."

పెదనాన్న దాన్ని అటూ ఇటూ తిప్పాడు. శాఖలో నేర్చుకున్న చూపుతో ముద్ర కోసం వెతికాడు.

"మాది కాదు," అని తిరిగిచ్చేశాడు. "మాదానికి పేర్లుంటాయి."

సంఘం టీ తాగుతూ అక్కడికక్కడే తీర్మానం చేసింది: రాకెట్టు చివరి నిమిషం వరకూ స్థిరంగా, క్రమశిక్షణతో నిలబడినందుకు కార్యక్రమం విజయవంతమైనట్టు ప్రకటించడమైనది. గుసగుస ఫారం పట్టుకుని పెదనాన్న ముందు నిలబడింది.

"నిలబడిందని రాసుకురా, సంతకం పెడతాను," అన్నాడు పెదనాన్న. "చూడనిది చూశానని ముప్పై నాలుగేళ్లలో ఒక్కచోటా రాయలేదే నేను."

నిజాయితీపరుడు. మిగిలినవాళ్లు కూడా నిజాయితీలో ఆయనకు తీసిపోలేదు. నాన్న దగ్గరికి వెళ్తే, "అన్నయ్య పెట్టని చోట నేనెలా పెడతానమ్మా?" అన్నాడు. అమ్మ ఫ్లాస్కు మూత వెతుకుతోంది.

గుసగుస గేటు దగ్గరికి పరుగెత్తింది.

"తాతా, నువ్వు చూశావా?"

"చూడకేం? ఇంత పొడుగున పోయింది. ఆ దీపం స్తంభానికి ఐదింతలు."

"స్తంభం ఎంతుంటుంది?"

"పద్దెనిమిది మీటర్లు. రంగు వేసినవాడి చేత నేనేగా కొలిపించింది." తొంభై మీటర్లని గుసగుస నింపిన ఫారం తీసుకుని, మోకాలి మీద పెట్టుకుని, వంకర అక్షరాలతో సంతకం చేశాడు. తర్వాత అటువైపు చూసి గొంతు తగ్గించాడు. "అది సరేగానీ పాపా, మీవాళ్లంతా ఎగిరేటప్పుడు అటు తిరిగి కూర్చున్నారేంటి? మీ ఇంట్లో అలా చూస్తారా?"

సోమవారం గుసగుసకు క్లబ్బులో చోటు దొరికింది. మంగళవారం అందుకు కుటుంబ అంతరిక్ష సంఘాన్ని అభినందిస్తూ పెదనాన్న అధ్యక్షతన పెదనాన్నకు సన్మానం జరిగింది. మైకు వైరు పట్టుకున్నది గుసగుసే.

ఫోటో బుధవారం వచ్చింది. అంతకుముందే బావ కెమెరా వెనకున్న చిన్న తెరలో గుసగుస ఒకసారి చూసింది. పది నవ్వుల వెనక, ఆకాశంలోకి, సన్నటి తెల్ల గీత. పెద్ద ఫోటోలో అది లేదు.

"బావా, ఇక్కడ గీత ఉండాలి కదా?"

"అదా? నానమ్మ తలలోంచి కొమ్ము మొలిచినట్టు పడిందే. అరగంట కూర్చుని చెరిపేశా. ఇప్పుడు చూడు, ఎంత నీటుగా ఉందో!"

ఆ ఫోటో ఇప్పటికీ వాళ్ల ముందుగదిలో, గాజు ఫ్రేములో, "మన తొలి రాకెట్ ప్రయోగం" అన్న రెండు రంగుల అక్షరాల కింద వేలాడుతోంది. అందులో రాకెట్టు లేదు. రాకెట్టు చేసిన పిల్లా లేదు. వచ్చినవాళ్లంతా అందరి ముఖాలూ బాగా పడ్డాయని మెచ్చుకుంటారు.

మీ ముందుగదిలోనూ అలాంటి ఫోటో ఒకటి ఉండే ఉంటుంది. వెనక ఆకాశం మరీ శుభ్రంగా కనిపిస్తే, ఆ రోజు బటన్ నొక్కింది ఎవరో ఒకసారి ఫ్యాను ఆపి అడగండి.